మొండి, పట్టుదల, పంతం, జిద్దు: ఏ మాట ఎక్కడ వాడాలి

పిల్లాడు అన్నం తినకపోతే మొండి, ఇంటి ఓనర్ అడ్వాన్స్ తగ్గించకపోతే మొండి, ఆఫీసులో లీడ్ డెడ్‌లైన్ జరపకపోతే మొండి, చలికాలం పొద్దున్నే బండి స్టార్ట్ అవ్వకపోయినా మొండి. ఇప్పుడు హైదరాబాద్‌లో తెలుగు మాట్లాడేవాళ్లలో చాలామంది అన్నిటికీ ఈ ఒక్క మాటే వాడేస్తున్నారు, కానీ పైన చెప్పిన నాలుగింటికీ తెలుగులో నాలుగు వేరే మాటలున్నాయి, పాతకాలం మాటలేం కాదు, ఇంట్లో అమ్మమ్మలు, నాయనమ్మలు, కూరగాయల బండి దగ్గర అక్కలు రోజూ వాడేవే. ఇంగ్లిష్ మీడియంలో చదివిన పిల్లలకి ఇవి చేరట్లేదు, సబ్‌టైటిళ్లు, యాడ్లు, యాప్‌ల్లో మెసేజ్‌లు రాసేవాళ్లు కూడా తప్పు చోట తప్పు మాట పెడుతున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. అందుకే ఇది రాస్తున్నా.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి, మిగతాదంతా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఒక మనిషి తన మాట మీంచి కదలట్లేదు అనుకోండి, దాన్ని పట్టుదల అన్నారంటే మీరు ఆ మనిషి వైపు ఉన్నట్టు, మొండితనం అన్నారంటే ఎదురుగా ఉన్నట్టు. ఆ మనిషి చేసే పని రెండు చోట్లా అదే. అంటే ఈ మాటల్లో ఏది వాడినా మీరు తీర్పు చెప్పేసినట్టే, కాబట్టి నోటికొచ్చింది అనేయకుండా కాస్త చూసుకుని వాడాలి.

మొండి అంటే అసలు ఏంటి

మొండి అనే మాటకి మొదటి అర్థం మనిషి స్వభావం కాదు. కొన తెగిపోయింది, విరిగిపోయింది, పైభాగం లేనిది, అదీ మొండి అంటే. తల లేని శరీరం మొండెం. పదును పోయిన కత్తి మొండికత్తి. పైకప్పు కూలిపోయి నిలబడ్డవి మొండిగోడలు, గోల్కొండ కోటలో పైకి ఎక్కుతుంటే దారి పొడుగునా కనిపించేవి అవే. కన్నడంలో కూడా ఇదే కుటుంబం మాట ఉంది, వాళ్లు మొండుతన అంటారు.

అక్కడి నుంచి మనిషికి ఎలా వచ్చిందంటే, నేను అర్థం చేసుకున్నంతవరకు పదును లేని కత్తి ఎంత రుద్దినా ఎలా తెగదో అలా ఎంత చెప్పినా లోపలికి దిగని బుద్ధి అని. అందుకే మొండి అనే మాటలో చెప్పినా వినకపోవడం అనేది తప్పకుండా ఉంటుంది. ఎవరూ ఏమీ చెప్పకముందే ఒకడు మొండి అవ్వడు. ఎవరో చెప్పాలి, నచ్చజెప్పాలి, బతిమాలాలి, అయినా వాడు వినకూడదు, అప్పుడే మొండి. ఈ ఒక్కటి గుర్తుంటే సగం తప్పులు ఆగిపోతాయి.

పాత అర్థం తెలియక జరిగే పెద్ద పొరపాటు ఒకటుంది. ప్రతి ఏటా బడ్జెట్ మర్నాడు పేపర్లో హెడ్డింగ్ చూస్తాం, తెలంగాణకు మొండిచెయ్యి అని. చాలామంది పిల్లలు దీన్ని, ఎవరో మొండిగా ప్రవర్తించారు అని చదువుకుంటున్నారు. అది కాదు. మొండిచెయ్యి అంటే వేళ్లు లేని చెయ్యి, అందులో ఏదీ నిలవదు, ఏదీ పెట్టదు, కాబట్టి మొండిచెయ్యి చూపించారు అంటే ఆశ పెట్టి ఏమీ ఇవ్వలేదని. ఇచ్చినవాడు మంచివాడే కావచ్చు, నవ్వుతూనే ఇవ్వకపోయి ఉండొచ్చు, స్వభావంతో పనే లేదు ఆ మాటకి. బోనస్ వస్తుందని ఏడాదంతా చెప్పి చివర్లో ఏమీ ఇవ్వకపోతే కంపెనీ మొండిచెయ్యి చూపించింది అనండి, కరెక్ట్‌గా సరిపోతుంది.

అలాగే మొండి బకాయిలు. బ్యాంకు అప్పు కట్టాల్సిన తేదీ దాటి 90 రోజులైనా వడ్డీ గానీ అసలు గానీ రాకపోతే బ్యాంకు లెక్కల్లో దాన్ని నిరర్థక ఆస్తి అని రాసుకుంటారు, పేపర్లు, టీవీలు మొండి బకాయి అంటాయి. ఎన్ని నోటీసులు పంపినా రానిది అని. మొండి జబ్బు, మొండి మరక కూడా ఇదే వరస, ఎన్ని మందులు వాడినా, ఎంత ఉతికినా పోనివి. ఇవన్నీ ధైర్యంగా వాడుకోవచ్చు.

ఒక్కటి మాత్రం వద్దు. కాలో చెయ్యో లేనివాళ్లని పాత రోజుల్లో ఈ మాటతో పిలిచేవాళ్లు. ఇప్పుడు అలా ఎవరినీ పిలవకండి, పేరు ముందు తగిలించి అసలు పిలవకండి, అది తిట్టు.

వాక్యంలో ఎలా పెట్టాలి

మొండి దేనితోనైనా కలుస్తుంది. మొండితనం, మొండిపట్టు, మొండివాదన, మొండిఘటం, ఇంకా ఎక్కువైతే జగమొండి. మనిషి అయితే మొండివాడు, మొండోడు, మొండిది, మర్యాదగా చెప్పాలంటే మొండి మనిషి. క్రియ కావాలంటే మొండికేయడం. పిల్లాడు స్కూల్‌కి పోనని మొండికేశాడు, మన దగ్గర మొండికేసిండు. చిన్నపిల్లలతో నేరుగా మాట్లాడేటప్పుడు మొండి చేయకురా కన్నా అంటాం, అది తిట్టు కింద రాదు, గొంతులోనే తెలుస్తుంది.

మొండిగా అని క్రియకి ముందు పెట్టేటప్పుడు జాగ్రత్త. మొండిగా వాదించాడు, మొండిగా కూర్చున్నాడు, ఇవి ఓకే. ఆమె మొండిగా చదివి ర్యాంక్ తెచ్చుకుంది అని రాస్తే మాత్రం చదివేవాళ్లకి ఎక్కడో తేడా కొడుతుంది, ఎవరో వద్దంటే చదివిందా అనిపిస్తుంది. నిజంగా ఇంట్లో చదువు ఆపేయమన్నా వినకుండా చదివిన అమ్మాయి అయితే ఆ మాటే కరెక్ట్, అంతకన్నా మంచి మాట దొరకదు. అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్‌కి చదువుకునే పిల్లలకి, ఇంట్లోవాళ్లు సపోర్ట్ చేస్తుంటే, పట్టుదలగా చదువుతున్నారు అనాలి.

మొండిధైర్యం అని ఇంకొకటుంది, అది తిట్టూ కాదు, పూర్తి పొగడ్తా కాదు. ఓడిపోతామని తెలుస్తున్నా, లెక్కలన్నీ ఎదురు తిరుగుతున్నా ముందుకెళ్లడం. దీనికి మన ఊరి చరిత్రలోనే మంచి ఉదాహరణ ఉంది. 1687లో ఔరంగజేబు గోల్కొండని ముట్టడించి 8 నెలలు కూర్చున్నాడు, లోపల గోల్కొండ చివరి సుల్తాన్ తానాషా, ఆయన దగ్గర అబ్దుల్ రజాక్ లారీ అనే సేనాని. మొఘలుల వైపు వచ్చేయమని పెద్ద పదవి ఆశ చూపించి ఔరంగజేబు పంపిన కాగితాన్ని లారీ అందరి ముందు చింపేశాడని అప్పటి చరిత్ర రాసినవాళ్లు చెప్తారు. చివరికి లోపలి మనిషే అమ్ముడుపోయి కోట తలుపు తీస్తే, సైన్యం లోపలికి వచ్చేస్తుంటే లారీ దాదాపు ఒంటరిగా ఎదురెళ్లి ఒంటి నిండా గాయాలతో పడిపోయాడు, 70 దాకా గాయాలని చెప్తారు, ఔరంగజేబే వైద్యుల్ని పెట్టి బతికించాడు. ఇప్పుడు మాటలు చూడండి. పదవి ఇస్తానన్నప్పుడు ఆయన ససేమిరా అన్నాడు. ఎనిమిది నెలలు కోటని పట్టుదలగా కాపాడాడు. తలుపు తెరుచుకున్నాక ఎదురెళ్లింది మొండిధైర్యంతో. మనిషి ఒక్కడే, మూడు సందర్భాలకి మూడు మాటలు, వీటిని అటూ ఇటూ మార్చి చూడండి, పదవి వద్దన్నప్పుడు మొండిధైర్యం అంటే అతకనే అతకదు.

కావాలి అనే పట్టు, వద్దు అనే పట్టు

ఇది నేను ఎక్కడా సరిగ్గా రాసినట్టు చూడలేదు, కానీ తెలుగు మాట్లాడేవాళ్లందరికీ లోపల తెలుసు. ఈ మాటల్లో కొన్ని కావాలి అని పట్టుకోవడానికి, కొన్ని వద్దు, కుదరదు, ఇవ్వను అనడానికి, కొన్ని రెండిటికీ.

ససేమిరా వద్దు వైపుకే. ఆటో అన్న మీటర్ వేయడానికి ససేమిరా అన్నాడు, నాన్న ససేమిరా ఒప్పుకోలేదు. వెనక అన్నాడు రావాలి, లేదా లేదు, కాదు, ఒప్పుకోను లాంటిది రావాలి. నాకు ఫోన్ ససేమిరా కావాలి అని ఒక రీల్ కింద చూశాను, అది తెలుగు కాదు. ఈ మాట వెనక కథ కూడా ఉంది, విక్రమార్కుడి కథల్లో వస్తుంది. ఒక రాజకుమారుడు అడవిలో పులికి భయపడి చెట్టెక్కుతాడు, ఆ చెట్టు మీదున్న ఎలుగుబంటి వాడికి చోటిచ్చి కాపాడుతుంది, వాడు మాత్రం తను బతకడం కోసం నిద్రపోతున్న ఎలుగుబంటిని కిందకి తోసేయబోతాడు. ఆ ద్రోహానికి మతిపోయి, ఎవరేం అడిగినా స, సే, మి, రా అనే నాలుగు అక్షరాలే పలుకుతుంటాడు. ఒక్కో అక్షరంతో మొదలయ్యే శ్లోకం చెప్తూ పోతే ఒక్కో అక్షరం వదిలేసి చివరికి బాగవుతాడు. ఎవరేం అడిగినా అదే జవాబు, అందుకని వినని మనిషికి ఆ మాట అతుక్కుపోయింది. పిల్లలకి చెప్పడానికి కూడా బాగుంటుంది ఈ కథ, ఒకసారి చెప్తే మాట మర్చిపోరు.

పట్టుబట్టడం కావాలి వైపు. స్కూటీ కొనాల్సిందేనని పట్టుబట్టింది, పెళ్లి యాదగిరిగుట్టలోనే చేయాలని అత్తయ్య పట్టుబట్టారు. ఇక్కడ టైపింగ్‌లో ఘోరమైన తప్పులు జరుగుతాయి కాబట్టి ఆగి చూడండి. పట్టుబట్టడం అంటే కావాలని గట్టిగా అడగడం. పట్టుబడటం అంటే దొరికిపోవడం. దొంగ పట్టుబడ్డాడు కరెక్ట్, దొంగ పట్టుబట్టాడు అంటే దొంగ ఏదో కావాలని కూర్చున్నాడని అర్థం వస్తుంది. ఒక్క అక్షరం తేడా. ఇక పట్టుబట్ట అంటే చీర సంగతి, అది వేరే లోకం. పట్టు పట్టడం అని విడిగా రాసినా తప్పు లేదు, అర్థం అదే.

భీష్మించడం రెండు వైపులకీ పనికొస్తుంది, కానీ పెద్ద మాట. భీష్ముడి పేరు మీంచి వచ్చింది, తండ్రి పెళ్లి కోసం తను జీవితాంతం పెళ్లి చేసుకోనని ఒట్టు పెట్టుకుని, తర్వాత ఎవరు ఎంత చెప్పినా, ఆ తండ్రి పోయాక సత్యవతే అడిగినా మాట తప్పనివాడు. కాబట్టి భీష్మించుకు కూర్చున్నాడు అంటే ప్రతిజ్ఞ చేసినట్టు కూర్చున్నాడని. చాక్లెట్ కోసం ఏడ్చే పిల్లాడికి వాడితే పెద్దదైపోతుంది, ఆస్తి పంపకాల దగ్గర సంతకం పెట్టనని కూర్చున్న బాబాయికి వాడితే సరిగ్గా సరిపోతుంది.

మొరాయించడం కదలకపోవడం. బండి లాగాల్సిన ఎద్దు నడిదారిలో ఆగిపోతే మొరాయించింది అంటారు, ఇప్పుడు ఎద్దుల స్థానంలో మెషీన్లు వచ్చాయి. పోలింగ్ రోజు పొద్దున ప్రతి ఛానల్లో వచ్చే లైన్ ఈవీఎంలు మొరాయించాయి. రిజల్ట్స్ రోజు సర్వర్ మొరాయిస్తుంది, వానాకాలం లిఫ్ట్ మొరాయిస్తుంది. స్టార్ట్ అవ్వని బండికి కావాల్సిన మాట ఇదే. యాప్‌ల్లో తెలుగు రాసేవాళ్లకి నా విన్నపం ఏంటంటే సర్వర్ ప్రతిస్పందించుటలేదు అని రాసేకన్నా సర్వర్ మొరాయిస్తోంది, కాసేపాగి మళ్లీ చూడండి అని రాయండి, చదివేవాడికి వెంటనే అర్థమవుతుంది.

నాంపల్లి నుమాయిష్ దగ్గర పిల్లలు

పిల్లల మాటలు మాత్రం విడిగా చెప్పుకోవాలి, తెలుగు ఇక్కడ చాలా సన్నగా చూస్తుంది. 1938లో మొదలైన నుమాయిష్, అంటే ఎగ్జిబిషన్, ఇప్పటికీ మామూలుగా జనవరి 1న తెరుస్తారు, అక్కడ బొమ్మల స్టాళ్ల వరసలో ఒక అరగంట నిలబడితే ఈ మాటలన్నీ కళ్ల ముందు కనిపిస్తాయి. మొదట పిల్లాడు తండ్రి చెయ్యి లాగుతూ కొనివ్వు నాన్నా అని గునుస్తాడు, అది మారాం. మారాంలో ప్రేమ ఉంటుంది, కొనిస్తారని నమ్మకం ఉంటుంది. నాన్న తర్వాత చూద్దాం అనగానే మొహం మార్చి, చెప్పు కరుస్తోంది, కాళ్లు నొప్పి, ఆ ఐస్‌క్రీమ్ వద్దు అని ప్రతిదానికీ ఏడుపు తీస్తాడు, అది పేచీ. పేచీలో అడిగేది ఒకటి, ఏడ్చేది ఇంకోదాని కోసం. ఆ తర్వాత స్టాల్ ముందే నిలబడి, మాట్లాడకుండా, లాగినా కదలకుండా, కళ్లు బొమ్మ మీదే పెట్టి ఉండిపోతాడు, అది మంకుపట్టు. కింద పడి పొర్లుతూ, ఇంకో మంచి బొమ్మ కొనిస్తానన్నా, ఇంటికెళ్లాక ఇస్తానన్నా వినకపోతే, అప్పుడు మొండికేశాడు అనొచ్చు.

నాలుగు మెట్లు ఉన్నాయి కదా, మొదటి మెట్టులోనే పిల్లాడికి మొండోడు అని పేరు పెట్టేయడం అన్యాయం. రోజూ ఆ మాట వింటే వాడు అదే తన పేరనుకుంటాడు, నేను చాలా ఇళ్లలో చూస్తున్నా ఇది, నాలుగేళ్ల పిల్లని చుట్టాలకి పరిచయం చేసేటప్పుడే ఇది మహా మొండిది అని చెప్తారు. మారాం చేస్తుంటే మారాం అనండి. పెంకి అని ఇంకో మాట ఉంది, అల్లరి, ఎదురు మాట, కాస్త పట్టు మూడూ కలిసినవాడు, పెంకిపిల్ల అన్నప్పుడు తిట్టే గొంతులో కూడా ముద్దు వినిపిస్తుంది, మొండిపిల్లలో ఆ ముద్దు లేదు.

జిద్దు, పంతం

హైదరాబాద్‌లో, మొత్తం తెలంగాణలో, జిద్దు అనే మాట మనకి అదనంగా దొరికిన ఆస్తి. ఉర్దూ జిద్ నుంచి వచ్చింది, దానికి మూలం అరబీ, అక్కడ ఎదురు, వ్యతిరేకం అని అర్థం. మనం చివర ఉకారం పెట్టి తెలుగు చేసేసుకున్నాం. జిద్దు చేస్తుండు, జిద్దు పట్టిండు, జిద్దు మీదున్నడు, జిద్దుకు పోయి సాధించిండు. చివరిది చూడండి, సాధించిండు దగ్గర కూడా జిద్దు సరిపోయింది. మొండితనంలో ఉన్నంత చేదు దీంట్లో లేదు, కావాలనుకున్నది గట్టిగా కావాలనుకోవడమే. పిల్లలకీ వాడొచ్చు, మంచి పనికీ వాడొచ్చు, గల్లీ క్రికెట్‌లో ఓడిపోయిన టీమ్ రేపు మళ్లీ ఆడాలని కూర్చోవడానికీ వాడొచ్చు. కొంతమంది ఇది ఉర్దూ మాట, రాతలో వద్దంటారు. వాళ్లతో నేను ఒప్పుకోను. కుర్చీ, బజారు, దర్జీ వాడుకుంటున్నప్పుడు జిద్దుకి అడ్డేంటి. గుంటూరులోనో రాజమండ్రిలోనో చదివేవాళ్లకి వెంటనే తట్టకపోవచ్చు, కాబట్టి అందరికీ రాసేటప్పుడు చుట్టూ వాక్యంలో అర్థం తెలిసేలా పెడితే చాలు.

పంతానికి మాత్రం ఎదుటి మనిషి కావాలి. ఎదురుగా ఎవరూ లేకుండా పంతం ఉండదు. తోడికోడళ్లు పంతాలకి పోయి మాట్లాడుకోవడం మానేశారు, ఇద్దరన్నదమ్ములు పంతం కొద్దీ ఒకే గల్లీలో రెండు కిరాణా షాపులు పెట్టారు. గెలిస్తే పంతం నెగ్గించుకున్నాడు అంటాం, పట్టుదల నెగ్గించుకున్నాడు అనం. నేను పిల్లలకి చెప్పే కొండగుర్తు ఇదీ: పట్టుదల పని మీద, పంతం మనిషి మీద, మొండితనం తన మాట మీద. అనుమానం వచ్చినప్పుడల్లా దేని మీద పట్టుకున్నాడు అని అడిగి చూడండి, మాట దానంతటదే దొరుకుతుంది.

బెట్టు అని చిన్నది ఒకటి, మర్చిపోకూడదు. లోపల ఇష్టమే, పైకి వద్దనడం. పెళ్లిలో డబుల్ కా మీఠా ఇంకో కప్పు పెడతానంటే వద్దు వద్దంటూ చెయ్యి మాత్రం ప్లేట్ మీద సరిగ్గా అడ్డం పెట్టని బావగారితో బెట్టు చేయకండి బావా అంటాం. అక్కడ మొండి అంటే గొడవలైపోతాయి.

మాటలో గట్టితనం

స్వభావం కాకుండా ఒక్క మాట గట్టిగా చెప్పడానికి వేరే మాటలున్నాయి, ఓనర్ అడ్వాన్స్ సంగతికి కావాల్సినవి ఇవి. కరాఖండిగా చెప్పాడు, అంటే బేరానికి చోటు లేకుండా. తెగేసి చెప్పాడు, అంటే ఇక ఆ విషయం మాట్లాడొద్దని ముగించి. కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు, అంటే దాచకుండా, మొహం మీదే. నిక్కచ్చిగా ఉంటాడు, అంటే లెక్కలో, టైమ్‌లో, రూల్‌లో పైసా అటూ ఇటూ కానివ్వడు, ఇది మెచ్చుకోలే. డెడ్‌లైన్ జరపని లీడ్‌ని నిక్కచ్చి మనిషి అనండి, ఆమె పని ఆమె చేస్తోంది.

తప్పని తెలిసినా ఒప్పుకోనివాడికి ఒక సామెత సిద్ధంగా ఉంది, తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇది నిజాల విషయంలోనే వాడాలి, ఇష్టాల విషయంలో కాదు. హుస్సేన్‌సాగర్ మధ్యలో బుద్ధుడి విగ్రహం ఎప్పుడు నిలబెట్టారో తప్పు చెప్పి, 1992 డిసెంబర్ అని చూపించినా ఒప్పుకోనివాడికి ఈ సామెత. బిర్యానీలో ఆలూ వద్దంటున్న మనిషికి కాదు, అది ఆయన ఇష్టం. మొండివాడు రాజుకన్నా బలవంతుడు అనే సామెత ఇంకో రకం, రాజుకి కూడా మనిషి వినాలి కదా దండించడానికైనా, వినని మనిషిని ఏం చేయగలడని. దాన్ని సాధారణంగా విసుగుతో, ఇక చేతులెత్తేసినప్పుడు అంటారు.

పేపర్లో, ధర్నాలో

ఇందిరాపార్క్ ధర్నాచౌక్ దగ్గర ఏ సంఘం కూర్చున్నా ఒక ప్లకార్డు ఉంటుంది, ప్రభుత్వ మొండివైఖరి నశించాలి. అదే రోజు సాయంత్రం అటువైపు ప్రెస్‌మీట్‌లో నాయకులు మొండిపట్టు వీడాలి అంటారు. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మెలో ఇది రోజూ విన్నాం. కార్మికులు ప్రభుత్వంలో విలీనం చేయాలన్నారు, ప్రభుత్వం కుదరదని చెప్పింది. ఒక పక్క నుంచి చూస్తే సడలని పట్టుదల, ఇంకో పక్క నుంచి మొండిపట్టు. వార్త రాసేవాళ్లు ఎవరు అన్నారో చెప్పి ఆ మాట వాడాలి, ఎవరూ అనకుండా వార్తలో సొంతంగా మొండివైఖరి అని రాస్తే పార్టీ కట్టినట్టే. సొంతంగా రాయాల్సి వస్తే తమ డిమాండ్‌పై గట్టిగా నిలబడ్డారు, వెనక్కి తగ్గలేదు లాంటివి ఉన్నాయి, అవి ఎటూ మొగ్గవు.

నిరాహారంగా కూర్చున్నప్పుడు దీక్ష అనే మాట వస్తుంది. 1952లో పొట్టి శ్రీరాములు ప్రాణం పోయేదాకా చేసింది, 2009 నవంబర్ 29న కేసీఆర్ మొదలుపెట్టింది, రెండిటినీ దీక్ష అనే చరిత్రలో రాసుకున్నాం. దీక్షలో నియమం ఉంటుంది, ముందే చెప్పిన లక్ష్యం ఉంటుంది, బాధ తన ఒంటి మీదే పెట్టుకుంటారు. ఇంట్లో అలిగి ఒక పూట అన్నం మానేసినవాళ్లకి ఈ మాట వద్దు, దానికి అలక ఉంది.

ఎవరితో ఎలా అనాలి

మనిషి మొహం మీద నువ్వు మొండి అనేది మనకన్నా చిన్నవాళ్లతో, లేకపోతే బాగా చనువున్న ఫ్రెండ్‌తోనే. పెద్దవాళ్లతో మీరు మొండిగా మాట్లాడుతున్నారు అంటే అగౌరవం, మీరు అని పిలిచినంత మాత్రాన మర్యాద రాదు. తాతయ్య, నువ్వు పట్టిన పట్టు వదలవు కదా అనొచ్చు, నవ్వుతూ. మామయ్యగారితో అయితే మీరు మాట మీద ఉండే మనిషి, కానీ ఈసారికి పిల్లల కోసం ఆలోచించండి అని మొదలుపెడితే సగం పని అయిపోతుంది. ఆఫీసులో సార్ ఈ ఒక్క పాయింట్‌లో కొంచెం పట్టువిడుపు ఉంటే బాగుంటుంది అనండి. పట్టువిడుపు చాలా అందమైన మాట, పట్టుకోవడం విడవడం రెండూ అందులోనే ఉన్నాయి, అవతలివాళ్ల పట్టుని తప్పు పట్టకుండానే విడవమని అడుగుతుంది. బస్తీలో గొడవ సర్దేటప్పుడు జర తెగేదాక లాగకు అన్నా అంటే అందరికీ అర్థమవుతుంది.

ఆడవాళ్ల విషయంలో ఈ మాట ఎంత తేలిగ్గా వాడతామో గమనించండి. జీతం పెంచాలని అడిగి వెనక్కి తగ్గని మగవాడు గట్టి మనిషి, అదే అడిగిన ఆడమనిషి మొండిది. పెళ్లి ఇప్పుడే వద్దు అన్న అబ్బాయికి క్లారిటీ ఉంది, అమ్మాయికి మొండితనం ఉంది. భాషలో ఏ మాటకీ ఆడా మగా అని రాసిపెట్టలేదు, మనమే అలా పంచుతున్నాం. కారణం చెప్తున్న మనిషిని, మీరు చెప్పేది వింటున్న మనిషిని, ఆడైనా మగైనా, మొండి అనకూడదు. విని కూడా ఒప్పుకోకపోవడం వాళ్ల హక్కు, వినకుండా ఉంటేనే ఆ మాట.

పట్టు వదిలాక ఏమనాలి

ఇది కూడా సమానంగా ముఖ్యం, ఎందుకంటే ఇక్కడ తప్పు మాట పడితే సర్దుకున్న గొడవ మళ్లీ మొదలవుతుంది. మెత్తబడ్డాడు అంటే మనసు మారింది, బాగున్న మాట, అత్తగారి గురించి కూడా మెత్తబడ్డారు అనొచ్చు. పట్టు సడలించారు అనేది వార్తల మాట, ఎవరికీ నొప్పి తగలదు. ఒక మెట్టు దిగారు అంటే రాజీకి వచ్చారు, ఇద్దరూ దిగితే ఇంకా మంచిది. దిగొచ్చాడు అంటే మాత్రం పొగరు దిగిందని, గెలిచినవాళ్లు వాడే మాట, ఆ మనిషి వినేలా అనకండి. లొంగిపోయాడు అంటే ఓడిపోయాడని, భార్యాభర్తల మధ్య, అన్నదమ్ముల మధ్య అసలు వాడకండి. పెళ్లికి ఒప్పుకోని నాన్న చివరికి సరే అంటే నాన్న దిగొచ్చాడు అని గ్రూపులో పెట్టకుండా నాన్న ఒప్పుకున్నారు అని పెట్టండి, అంతే చాలు.